ఐదుసార్లు చదివినా పరీక్షలో గుర్తుకు రావడం లేదు

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంగ్లీష్ మీడియంలో ఇంటర్ సెకండియర్ బైపీసీ, నీట్ కోచింగ్‌తో కలిపి చదువుతున్నా. పొద్దున ఐదింటికి లేపుతారు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, ఆ తర్వాత కూడా కారిడార్ లైటు కింద ఒంటిగంట దాకా చదువుతా. బాటనీ ఒక్కో చాప్టర్ ఐదుసార్లు చదివా, పుస్తకం నిండా హైలైటర్ గీతలే. అయినా వీకెండ్ టెస్ట్‌లో నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి. ఫిజిక్స్ సార్ బోర్డు మీద చేస్తుంటే అర్థమవుతుంది, నేను పెన్ను పట్టుకుంటే చేతులు వణుకుతాయి, ఏమీ రాదు. పోయిన నెల కింది సెక్షన్‌కి మార్చారు. అమ్మావాళ్లు అప్పు చేసి ఫీజు కట్టారు. సీటు రాకపోతే లాంగ్‌టర్మ్‌లో వేస్తామంటున్నారు, ఇంకో ఏడాది ఇలాగే అంటే భయమేస్తోంది. ఒక్కోసారి ఎవరికీ కనిపించకుండా పోతే బాగుండు అనిపిస్తుంది. ఇంకా ఎన్ని గంటలు చదవాలి సార్?

జవాబు: గంటల సంగతి తర్వాత చెబుతాను తల్లీ, దాని పైన ఒక వాక్యం రాశావే, ముందు అది.

కనిపించకుండా పోతే బాగుండు అన్నదాన్ని నేను చదువు టెన్షన్ అని కొట్టిపారేయను, నువ్వూ కొట్టిపారేయకు. అది ఎప్పుడో ఓసారి వచ్చిపోయే విసుగైనా సరే, రోజూ వెంటాడే ఆలోచనైనా సరే, ఈ రోజే ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పాలి. అమ్మకైతే మరీ మంచిది. "మార్కులు తగ్గాయమ్మా" అని చుట్టూ తిప్పి చెప్పకు, నాకు రాసిన మాటే ఉన్నదున్నట్టు చెప్పు. ఫోన్ ఆదివారమే ఇస్తారు కదా అని ఆగొద్దు, వార్డెన్ దగ్గరికెళ్లి ఇంటికి ఇప్పుడే మాట్లాడాలని అడుగు, ఆమె కుదరదంటే నీకు నచ్చిన మేడమ్‌ని పట్టుకో. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, రాత్రీపగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఆలోచన గట్టిగా వచ్చిన రాత్రి మాత్రం ఒక్కదానివే కారిడార్లో కూర్చోకు, పక్క మంచం అమ్మాయిని లేపు. లేపినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. నాలుగు రోజులు ఇంటికెళ్లి అమ్మ దగ్గర పడుకోవాలనిపిస్తే వెళ్లిరా, పోయిన క్లాసులు పూడ్చుకోవచ్చు.

ఇక నీ ప్రశ్న. ఇంకా ఎన్ని గంటలు చదవాలంటే, ఇప్పుడు చదివేదాంట్లోంచి రెండున్నర గంటలు తీసెయ్యాలి. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కూర్చుంటున్నావు చూడు, అది ఈ రాత్రి నుంచే బంద్. నీ వయసు పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర కావాలని డాక్టర్లు అంటారు, మీ హాస్టల్ టైమ్‌టేబుల్లో అంత ఎలాగూ దొరకదు, దొరికే ఆరున్నర గంటలైనా పోగొట్టుకోకు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. నువ్వు నాలుగు గంటలు పడుకుని లేచి బాటనీ క్లాసులో తూలుతూ కూర్చుంటే, రాత్రి చదివిందీ నిలవదు, పగలు విన్నదీ తలకెక్కదు. నేను జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని, రాత్రి ఒంటిగంట దాకా చదివే పిల్లలు ఫస్ట్ పీరియడ్‌లో ఎలా ఉంటారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఐదుసార్లు చదివినా ఎందుకు నిలవడం లేదంటే, ఐదుసార్లూ పుస్తకం తెరిచే చదివావు కాబట్టి. మూడోసారి చదివేటప్పుడు ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది, "ఆఁ, ఇది వచ్చులే" అని ముందుకు పోతావు. బస్సులో రోజూ కనిపించే మనిషిలాగా, మొహం తెలుసు, పేరు చెప్పమంటే నోటికి రాదు. వీకెండ్ టెస్ట్‌లో నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపించడానికి కారణం ఇదే. ఆ నాలుగు మాటలూ నువ్వు ఆ చాప్టర్లో చూసినవే, అన్నిటి మీదా హైలైటర్ గీసినవే, కాబట్టి అన్నీ చుట్టాల్లాగే కనబడతాయి.

దీని మీద అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చి కొందరితో మళ్లీ చదివించారు, కొందరితో పాఠం పక్కన పెట్టించి గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే సీను తిరగబడింది, చూడకుండా రాసినవాళ్లు బాగా ముందున్నారు. నీకు స్టడీ అవర్లో అంతా వచ్చినట్టు అనిపించడం, శనివారం వచ్చేసరికి ఏమీ లేకపోవడం ఇందులోంచే వస్తోంది. నీ తెలివిలో లోపమేమీ లేదు, చదివే పద్ధతే నిన్ను మోసం చేస్తోంది.

ఎలా మార్చాలో, మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెరగా మార్చే కాల్విన్ వలయం తీసుకుని చూద్దాం, ఎలాగూ బాటనీలో అందర్నీ ఏడిపించేది అదే. చాప్టర్లో ఆ రెండు పేజీలు ఒక్కసారి, నిదానంగా చదువు, హైలైటర్ పెట్టెలోనే ఉండనీ. పుస్తకం మూసి పరుపు కింద పెట్టెయ్, ఎందుకంటే పక్కన ఉంటే చెయ్యి దానంతట అదే పోతుంది. తెల్లకాగితం మీద ఒక గుండ్రం గీసి, పైన ఆర్‌యుబిపి అని రాసి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ కలుస్తుంది, కలిపే ఎంజైమ్ ఏది, మొదట తయారయ్యే పదార్థం ఏది, ఏటీపీ ఎక్కడ ఖర్చవుతుంది అని నీకు నువ్వే అడుక్కుంటూ వచ్చినకాడికి రాయి. మొదటిసారి సగం కూడా రాదు, ఒళ్లు మండుతుంది, పుస్తకం తీసి చూసేద్దామనిపిస్తుంది, అక్కడే రెండు నిమిషాలు ఓపిక పట్టు, నేర్చుకోవడం జరిగేది ఆ రెండు నిమిషాల్లోనే. తర్వాత పుస్తకం తీసి ఎర్రపెన్నుతో మిగిలింది నింపు. ఎంజైమ్ పేరు రూబిస్కో అని మర్చిపోయావా, ఎర్రగా రాయి. ఒక గ్లూకోజ్‌కి ఆరు చుట్లు, 18 ఏటీపీలు, 12 ఎన్ఏడీపీహెచ్‌లు అన్నది తారుమారు చేశావా, అదీ ఎర్రగానే.

రేపు చదవాల్సింది ఆ ఎర్ర అక్షరాలే. మొత్తం చాప్టర్ మళ్లీ మొదటి లైను నుంచి మొదలుపెట్టే అలవాటు పూర్తిగా మానెయ్. రేపు ఒకసారి ఖాళీ కాగితం మీద, మూడు నాలుగు రోజులాగి ఇంకోసారి, తర్వాతి వారం మరోసారి, ప్రతిసారీ పది పదిహేను నిమిషాలకు మించదు. మధ్యలో కొంచెం మర్చిపోయి మళ్లీ తవ్వి తీసుకోవడమే మంచిది, మర్చిపోయానే అని కంగారు పడకు. స్టడీ అవర్లో ఇలా కాగితాల మీద గీస్తుంటే మొదట్లో సూపర్‌వైజర్ వచ్చి "పుస్తకం ఎక్కడమ్మా" అని అడుగుతాడు. అడగనీ, కాగితం చూపించు.

తెలుగు మీడియం నుంచి వచ్చానన్నావు, నీ ఇబ్బందిలో సగం అక్కడే ఉందని నా అనుమానం. ఇంగ్లీష్ వాక్యం అర్థం కాకముందే బట్టీ పడుతున్నావేమో చూసుకో. ముందు ఆ పేరాని మీ ఊళ్లో చిన్నప్పటి స్నేహితురాలికి చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పు, గుండెలో ఎడమ కర్ణికలోకి రక్తం ఎక్కణ్నుంచి వస్తుంది, ఎటు పోతుంది అని కథలాగా, అది తడబడకుండా వచ్చాక ఇంగ్లీషులో రాయి. తెలుగు అకాడమీ వాళ్ల ఇంటర్ పుస్తకాలు తెలుగు మీడియంవి పాతవి దొరికితే తెప్పించుకో, అర్థం కోసం చూసుకోవడానికి చాలా పనికొస్తాయి, కానీ నీట్‌కి చివరికి చదవాల్సింది మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే, బయాలజీలో చాలా ప్రశ్నలు అందులోని వాక్యాలను అటూ ఇటూ తిప్పి ఇచ్చినవే ఉంటాయి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. నీట్ అప్లికేషన్లో తెలుగు ఎంచుకుంటే వచ్చే బుక్‌లెట్‌లో ప్రశ్నలు తెలుగుతోపాటు ఇంగ్లీషులో కూడా ఉంటాయి, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే లెక్క. రెండేళ్లు ఇంగ్లీషులో చదివినదానివి, పదాలన్నీ ఇంగ్లీషులోనే అలవాటై ఉంటాయి కాబట్టి నన్నడిగితే ఇంగ్లీషే పెట్టుకో, కానీ ఎంచుకునేది నువ్వు, కాలేజీ వాళ్లు కాదు.

ఫిజిక్స్‌కి వద్దాం, ఇక్కడ నాకు మాటలు ఎక్కువ వస్తాయి, ఓపిక పట్టు.

సార్ చేస్తుంటే అర్థం కావడం అందరికీ జరిగేదే. బోర్డు మీద ఏ ఫార్ములా వాడాలో ఆయన ముందే తేల్చేసి ఉంటాడు, నువ్వు చూసేది తేల్చాక జరిగే కూడికలూ తీసివేతలే. పరీక్షలో కష్టమంతా ఆ తేల్చుకోవడం దగ్గరుంది, అది నువ్వు ఒక్కసారి కూడా సొంతంగా చెయ్యలేదు. కాబట్టి చేసి ఉన్న లెక్క తీసుకుని, జవాబు మీద కాగితం కప్పి, ప్రశ్న మాత్రం చదివి, ఇచ్చినవి ఏమిటి, కావలసింది ఏమిటి అని రాసుకో, బొమ్మ గియ్యి, ఐదు నిమిషాలు పోరాడు. రాకపోతే కాగితాన్ని ఒక్క లైను కిందికి జరుపు, ఆ లైను చూసి మళ్లీ కప్పి, మిగిలింది నువ్వే చెయ్యి. ఎన్ని లైన్లు చూడాల్సి వచ్చిందో పక్కన రాసిపెట్టుకుని, నాలుగు రోజుల తర్వాత అదే లెక్క చేస్తే ఆ అంకె తగ్గిందో లేదో చూసుకో. చేతుల వణుకు కూడా ఈ దారిలోనే తగ్గుతుంది, ఎందుకంటే ఖాళీ కాగితం ముందు కూర్చోవడం రోజూ అలవాటైన పని అవుతుంది.

తప్పుల నోటుబుక్కు ఒకటి పెట్టు. ప్రతి వీకెండ్ టెస్ట్ తర్వాత ర్యాంకు లిస్ట్ దగ్గరికి పరిగెత్తకుండా, ఏ ప్రశ్న ఎందుకు పోయిందో రాసుకో. ఉదాహరణకి కుంభాకార కటకం, నాభ్యంతరం 20 సెంటీమీటర్లు, వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? వస్తు దూరానికి మైనస్ పెడితే 60 వస్తుంది. మైనస్ మర్చిపోతే 12 వస్తుంది, ఆప్షన్లలో 12 కూడా నీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, పేపర్ చేసేవాళ్లకి మీరు ఎక్కడ జారతారో బాగా తెలుసు. ఇలాంటిది జరిగితే "ఆప్టిక్స్ రాదు" అని మొత్తం చాప్టర్ మళ్లీ చదవడం దండగ, "మైనస్ గుర్తు మర్చిపోతున్నా" అని రాసుకుని గుర్తులొచ్చే లెక్కలు ఒక పది చేస్తే సరిపోతుంది. అసలు తెలియక పోయినవి వేరు, రెండు విషయాలు కలిసిపోయి పోయినవి వేరు, "ఈ కిందివాటిలో తప్పు వాక్యం ఏది" అన్నదాంట్లో తప్పు అన్న మాట చూసుకోక పోయినవి వేరు. నాలుగు టెస్టులయ్యాక పుస్తకం తిరగేస్తే నీ మార్కులు ఏ కన్నంలోంచి కారిపోతున్నాయో నీకే కనబడుతుంది.

నెగెటివ్ మార్కుల భయం గురించి ఒక చిన్న లెక్క. నీట్‌లో కరెక్ట్ అయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెట్టినా సగటున పావు మార్కు లాభమే తప్ప నష్టం లేదు, రెండు ఆప్షన్లు తప్పని తేల్చి మిగిలిన రెండిట్లో ఒకటి పెడితే సగటున ఒకటిన్నర మార్కు వస్తుంది. "డౌట్ ఉంటే వదిలెయ్" అని క్లాసులో ఊదరగొట్టే సలహాని అక్షరాలా పాటించి రెండు తీసెయ్యగలిగిన ప్రశ్నల్ని కూడా ఖాళీగా వదిలేసే పిల్లలు చాలామంది ఉంటారు, నువ్వు అలా చెయ్యకు.

180 ప్రశ్నల్లో బయాలజీవి 90, అంటే 720లో 360 మార్కులు, ఫిజిక్స్‌వి 45 మాత్రమే. నువ్వు భయం కొద్దీ ఫిజిక్స్ మీదే రాత్రంతా కూర్చుంటుంటే అది తలకిందుల వ్యవహారం, కాగితం పద్ధతికి త్వరగా లొంగేది బయాలజీనే, ముందు అది గట్టి చేసుకో.

బోర్డు పరీక్ష గురించి ఎక్కువ బెంగ వద్దు. నీట్‌కి ఇంటర్ మార్కులు ర్యాంకులో కలవవు, అర్హతకే కావాలి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం. బోర్డు ఫిజిక్స్ పేపర్ 60 మార్కులకి, రెండు మార్కులవి పది తప్పనిసరి, నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు. ఏళ్లుగా ఆ పెద్ద ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది వేవ్స్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, న్యూక్లియై నుంచే. మూసిన గొట్టంలో స్థిర తరంగాలు, కిర్కాఫ్ నియమాలతో వీట్‌స్టోన్ బ్రిడ్జ్, న్యూక్లియర్ రియాక్టర్, ఇవి చూడకుండా రాయగలిగే దాకా రాసి పెట్టుకో. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా, బొమ్మ గీసి పేర్లు పెట్టి, మెట్లు విడివిడిగా రాసిన పేపర్‌కి చివర్లో తప్పు పోయినా మార్కులు పడతాయి, పేజీ నిండా ఒకే పేరాగా కుక్కిన పేపర్లో ఉన్న సరుకు కూడా కనబడదు.

పరీక్ష రోజు వణుకు మొదలైతే పెన్ను కింద పెట్టి, లోపలికి పీల్చినదానికంటే నిదానంగా బయటికి ఊపిరి వదులు, ఒక నాలుగైదు సార్లు. తర్వాత ఖచ్చితంగా వచ్చిన చిన్న ప్రశ్నతోనే మొదలుపెట్టు, నంబర్ వరసతో పని లేదు. ఇంకోటి, పరీక్షకి ముందు ఒక పది నిమిషాలు నీ భయాలన్నీ కాగితం మీద రాసేస్తే బాగా టెన్షన్ పడే పిల్లల మార్కులు పెరిగాయని 2011లో ఒక పరిశోధన వచ్చింది. ఖర్చు లేని పని, వీకెండ్ టెస్ట్‌కి ముందు చేసి చూడు, పనికొస్తే ఉంచుకో.

సెక్షన్ మార్చడం అవమానంగా అనిపించి ఉంటుంది. ఆ సెక్షన్లూ, గోడ మీద ర్యాంకులూ కాలేజీ తన సౌకర్యం కోసం, తన ప్రకటనల కోసం పెట్టుకున్న ఏర్పాటు, నీట్ వాళ్లకి నీ సెక్షన్ ఏదో తెలీదు. పైగా కింది సెక్షన్లో కాస్త నిదానంగా చెబుతారు, డౌట్ అడిగితే ఎవరూ నవ్వరు. నాకైతే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకి అదే మేలనిపిస్తోంది.

అప్పు విషయం నీ నెత్తిన వేసుకోకు. అది అమ్మానాన్న ఆలోచించి చేసుకున్న నిర్ణయం, దాన్ని ప్రతి టెస్ట్‌లోనూ తీర్చాలనుకుంటే చెయ్యి వణక్క ఏం చేస్తుంది. ఆదివారం వాళ్లతో ఒక్క మాట చెప్పు: "మార్కులు అడక్కండి నాన్నా, ఈ వారం ఏం నేర్చుకున్నావని అడగండి." అమ్మావాళ్లూ, ఇది మీరు చదువుతుంటే, చుట్టాలమ్మాయికి ఎంబీబీఎస్ సీటొచ్చిన ముచ్చట ఫోన్లో ఎత్తకండి. అప్పు సంగతి కూడా.

లాంగ్‌టర్మ్ సంగతి ఇప్పుడు తేల్చకు, తేల్చమని ఎవరైనా ఒత్తిడి చేస్తే నీట్ రిజల్ట్ వచ్చాక మాట్లాడదామను. అప్పుడు తప్పుల నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చోండి. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం అసలు చేరుకోలేని చాప్టర్లవైతే, నీక్కూడా మనసుంటే, ఇంకో ఏడాదికి అర్థముంది, అప్పుడు కూడా ఇదే హాస్టల్ కాకుండా ఇంటి నుంచి వెళ్లొచ్చే చోటు చూడండి. మనసు లేకపోతే మటుకు నీకు ఇష్టం లేదని గట్టిగా చెప్పు. బైపీసీ చదివిన పిల్లకి ఎంబీబీఎస్ ఒక్కటే దారని హాస్టల్లో అనిపిస్తుంది గానీ, మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ స్ట్రీమ్ ఉంది, 160 ప్రశ్నలు, అందులో బయాలజీవే 80, నెగెటివ్ మార్కులు లేవు, నీట్‌కి చదివిందే అక్కడా పనికొస్తుంది. ర్యాంకు వస్తే బీఎస్సీ అగ్రికల్చర్‌కో బీఫార్మసీకో చూసుకోవచ్చు. దాని అప్లికేషన్ గడువు నీట్ రిజల్ట్ కంటే చాలా ముందే అయిపోతుంది, కాలేజీలో పట్టించుకోకపోవచ్చు, కాబట్టి నోటిఫికేషన్ రాగానే ఫారం నింపమని నాన్నకి ఈ ఆదివారమే చెప్పు.